జాకీకి లొంగని గృహప్రవేశం

ఆ ఉదయం రాఘవయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తెనాలిలో బయలుదేరి, రేపల్లె మీదుగా నిజాంపట్నం చేరి, పదకొండు గంటల ముహూర్తానికి సముద్రం ఎదురుగా పాలు పొంగించి గృహప్రవేశం చేసుకోవడం. ఇల్లు మాత్రం చక్రాల మీద ఉంది. బట్టల కొట్లో గుమాస్తాగా బతుకంతా గడిపి, అద్దెకున్న ప్రతి ఇంటినీ ఓనరు పొమ్మంటే ఖాళీ చేసినవాడు కనుక, ఎవరూ ఖాళీ చేయించలేని ఇల్లు కావాలనుకున్నాడు. బాపట్లలో పాత స్కూలు బస్సు కొని, అందులో మంచం, వంటగది కట్టించాడు. ఇక తన ఇల్లు ఎక్కడుండాలో తనే చెప్పాలి. అదీ పంతం.

వేమూరు దాటగానే వెనక టైరు పంక్చరైంది.

"జాకీ ఉందిగా," అన్నాడు ధీమాగా.

జాకీ కొనేటప్పుడు కొట్టువాడు "బండి బరువెంతండీ?" అనడిగితే, ఖాళీ బస్సు బరువు చెప్పాడు. భార్య శేషారత్నం పట్టుబట్టి వేయించుకున్న గ్రానైటు గట్టు, నీళ్ల ట్యాంకు, పెళ్లినాటి ఇనప బీరువా లెక్కలోకి రాలేదు. పైగా పెద్ద జాకీ సీటు కింద పట్టదని, ఎర్రగా ముద్దుగా ఉన్న చిన్నదాన్ని తెచ్చుకున్నాడు. మనిషి దేన్నైనా ఇలాగే ఎంచుకుంటాడు. తర్వాత తలరాత అంటాడు.

జాకీ బెత్తెడు లేచి, మూలిగి, కూర్చుంది.

"సామాను దించుదాం, శేషూ."

"ముహూర్తం దాటిపోతోందండీ! ముందు పాలు," అంటూ శేషారత్నం అక్కడే స్టవ్ వెలిగించింది. పాలు పొంగాయి.

"ఇప్పుడు దించుదామా?"

"పాలు పొంగిన ఇంట్లోంచి బీరువా బయట పెడతారా? లక్ష్మిని రోడ్డున పడేస్తారా ఏంటి?"

"పోనీ, నువ్వన్నా దిగు."

"అంటే నేను బరువనా?"

మామిడాకుల తోరణం చూసి, పొలాలకు పోయే ఆడవాళ్లు ఆగారు. "గృహప్రవేశమా అక్కా?" అన్నారు. శేషారత్నం లోపలికి పిలిచి బొట్టు పెట్టి, పరమాన్నం పెట్టింది. తిన్నవాళ్లు దిగలేదు, ఫోన్లు చేసి తమవాళ్లను పిలిచారు. కింద రాఘవయ్య జాకీ కొడుతున్నాడు, పైన ఇల్లు నిండుతోంది.

"దిగండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

"ఏంటక్కా, పేరంటానికొచ్చినోళ్లని పొమ్మంటాడు మీ ఆయన?"

"ఏం చేస్తామమ్మా, ఓనర్ల దగ్గర నేర్చుకున్నారు."

చివరికి నిజాంపట్నం పోతున్న చేపల వ్యాను ఒకటి ఆగింది. దాన్ని నడిపే బాపయ్య వంగి చూశాడు. "బాబాయ్, దీంతో సైకిల్ కూడా లేవదు," అని, పడవలెత్తే జాకీ దించాడు. ఇల్లు జనంతో సహా లేచింది. స్టెప్నీ బిగించి, రాఘవయ్య ఒక్క గెంతులో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఎక్కడికి?" అంది శేషారత్నం.

"సముద్రానికే!"

"బావుంది! గృహప్రవేశమయ్యాక మూడు రాత్రులు నిద్ర చేయాలి. దీపం పెట్టిన చోటినుంచి ఇల్లు కదుల్తుందా ఎక్కడైనా?"

లోపలున్న ఆడవాళ్లంతా "అవునండి" అన్నారు. బాపయ్య కూడా అవునన్నాడు. అతనికి అప్పుడే పరమాన్నం అందింది.

మూడో రోజు పొద్దున్నే ఎవరో తలుపు కొట్టారు. రాఘవయ్య రోడ్డు పన్ను రసీదు పట్టుకుని వెళ్లాడు. వచ్చింది పంచాయతీ నుంచి, ఇంటి పన్నుకి.