దూలానికి వేలాడిన లిల్లీ గడ్డ

తెల్లటి రేకుల మీద ఎర్రచారలుండే లిల్లీ గడ్డ టేకులపల్లి మొత్తంలో సోమమ్మ దగ్గర తప్ప మరెవరి దగ్గరా లేదు. అయినా ఊరి పూలపోటీలో ఏటా బహుమతి ఎదురింటి సుజన చామంతులకే. ఈసారి ఎలాగైనా దాన్ని తన గడప తొక్కించాలని సోమమ్మ పట్టుదల. ఆ పొద్దున గడ్డను కుండీలోంచి తీసి, మట్టి దులిపి, వసారా దూలానికి వేలాడదీసింది. కొన్నాళ్లు అలా పొడిగా నిద్రపోతేనే అది తర్వాత పూస్తుంది. తడి తగిలితే కుళ్లిపోతుంది.

"ఇగో, నేను ఖమ్మం పోయి మంచి కుండీ తెస్త. దానికి నీళ్లు పొయ్యకు, ఇన్నవా?"

గనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మొండయ్య మంచం మీది నుంచే "అవ్" అన్నాడు. భార్య మాట వింటాడు, పాపం. విన్నదాన్ని తన పద్ధతిలో చేయడమే ఆయన అలవాటు.

సోమమ్మ బస్సెక్కిందో లేదో, సుజన గేదె పాలివ్వకుండా తన్నింది. ఖాళీ చెంబుతో బయటికొచ్చిన సుజన కంట్లో ఆ గడ్డ పడింది. దిష్టికి గుమ్మడికాయ కట్టడం తెలుసు, కలబంద కట్టడం తెలుసు. వేళ్ల మీసాలున్న గడ్డను కట్టినవాళ్లను ఆమె ఎన్నడూ చూడలేదు.

"అమ్మో! వదిన నా ఇంటికెదురుగ ఏందో కట్టింది!"

జల్దీగా నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి తన గుమ్మానికి కట్టింది. అది చూసి పక్కింటి మంగీలాల్ గుమ్మడికాయ కట్టాడు.

"ఏమైందన్నా?" అని దారినపోయేవాళ్లు అడిగారు.

"ఏమో, అందరు కడుతుండ్రు. ఏదో రోగం వస్తున్నట్టుంది."

మధ్యాహ్నానికి వీధిలో బోసి గుమ్మం లేదు. ఏమీ దొరకని ఒకాయన పాత చెప్పు కట్టాడు.

నిద్ర లేచిన మొండయ్య వీధిని చూశాడు, తన వసారా చూశాడు. అందరి గుమ్మాలూ పసుపు కుంకుమలతో వెలిగిపోతున్నాయి, తనది ఒక్కటే వెలవెలబోతోంది. పరువు పోయినట్టయింది. గడ్డకు పసుపు పూసి, బొట్టు పెట్టి, సాంబ్రాణి వేసి, చెంబెడు నీళ్లు తలారా పోశాడు.

సాయంత్రం కుండీ చంకన పెట్టుకుని వచ్చిన సోమమ్మ గడ్డ నుంచి కారుతున్న పసుపు నీళ్లు చూసింది.

"నీళ్లు పొయ్యొద్దని చెప్పిన్నా, లేదా?"

"నీళ్లెక్కడ పోసిన? అభిషేకం చేసిన."

కళ్లు తుడుచుకుంటూ ఆమె గడ్డను దించబోతే సుజన పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"దించకు వదినా! అన్న నీళ్లు పోసినంక నా గేదె చెంబు నిండ పాలిచ్చింది!"

"లిల్లీ గడ్డనే అది!"

"గట్ల పేరు పెట్టి పిలువకు, కోపమొస్తది!"

మర్నాటి నుంచి వీధి వీధంతా వంతులు వేసుకుని అభిషేకాలు. కొత్త కుండీలో సోమమ్మ చింతపండు నింపుకుంది.

చెప్తే నమ్మరు గానీ, గడ్డ కుళ్లలేదు. పసుపు కాచిందేమో! పోటీవాళ్లు సుజన చామంతులు చూడటానికి వచ్చిన రోజున, దూలానికి వేలాడుతూనే గుత్తిగా విచ్చుకుంది. వచ్చినవాళ్లు చామంతులకు వీపు తిప్పి ఇటు నడిచారు.

"మట్టి లేకుండా పూయించారా! ఎవరండీ?"

సోమమ్మ నోరు తెరిచేలోపే వీధంతా ఒక్క గొంతుతో "మొండయ్యన్న!" అంది. అందరికంటే గట్టిగా అన్నది సుజన. బహుమతి సోమమ్మ గడప తొక్కింది, శాలువా మాత్రం మొండయ్య భుజాన పడింది.

మర్నాడు పొద్దున ఆయన ఆ శాలువా కప్పుకునే చాయ్ అడిగాడు.

"కొన్నాళ్లు చుక్క తడి తగలకుండ ఉండు," అంది సోమమ్మ, "మంచిగ పూస్తవ్."