మణిగిరి సామ్రాజ్యంలో ఏకైక రైతు

మణిగిరి సామ్రాజ్యంలోని ఏకైక రైతు యలమందయ్యకు కష్టాలు ఆగిపోయాయని తెలియజేయడానికి చింతిస్తున్నాం. 2005 నవంబరు మొదటి వారం నుంచి ఆయన ఏడవలేదు. దండం పెట్టలేదు. కోటగుమ్మం ముందు కూలబడి "మహాప్రభో" అనలేదు. దాంతో చక్రవర్తిగారికి కరుణించడానికి ఎవరూ లేక, మహామంత్రిగారికి విచారించడానికి ఏమీ లేక, సేనాధిపతికి గెంటేయడానికి మనిషి దొరకక పరిపాలన స్తంభించిపోయింది.

ఈ సామ్రాజ్యం ఎక్కడుందని మ్యాపులో వెతక్కండి. ఇంటర్నెట్‌లో ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నెట్ సెంటర్ల చుట్టూ తిరిగే తొమ్మిది మందిమి కలిసి దీన్ని స్థాపించుకున్నాం. ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏమందో, ఏం చేసిందో రోజూ నాలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయాలి. దానికి మరొకరు తమ పాత్ర తరఫున బదులు రాయాలి. అలా కథ నడుస్తుంది. దీన్ని రోల్‌ప్లే అంటారు. నేను ఆస్థాన చరిత్రకారుణ్ణి. బయట చీరాలలో ట్యూషన్లు చెప్పుకుంటాను.

పాత్రల పంపకం నాడు నలుగురు చక్రవర్తి పాత్ర అడిగారు. సైటు తెరిచింది తనే కాబట్టి గుంటూరు పురుగుమందుల కొట్టు చైతన్యకృష్ణ చక్రవర్తి అయ్యాడు. ఒక సర్కారు కార్యాలయంలో కిటికీ దగ్గర కూర్చుని అర్జీలు తీసుకునే అంకమ్మరావు మహామంత్రి. జిన్నింగ్ మిల్లులో పత్తి లారీలు తూకం వేయించే కోటేష్ పట్టమహిషి. ఆయనకు గుబురు మీసం ఉంది. సామ్రాజ్యంలో ఎవరం ఆ ప్రస్తావన తీసుకురాం. ఇలా సేనాధిపతి, రాజగురువు, రాజవైద్యుడు, కోశాధికారి, చరిత్రకారుడు అందరూ కుదిరాక, పాలించబడడానికి కూడా ఒకరుండాలి కదా అని గుర్తొచ్చింది. ఆ రోజు కరెంటు పోయి సిద్దికా ఆలస్యంగా వచ్చింది. మిగిలింది రైతు పాత్ర. అదే ఇచ్చాం.

సిద్దికా పర్చూరు అవతల ఒక మండల కేంద్రంలో నెట్ సెంటరులో పనిచేస్తుంది. ఊరి పేరు చెప్పను, చెబితే ఆ ఊరివాళ్లు నాకు సన్మానం చేస్తారు. అదే సెంటరులో జిరాక్సు తీస్తారు, రైతుల అర్జీలు టైపు చేస్తారు. మేమందరం కష్టాన్ని ఊహించుకుని రాసేవాళ్లం. ఆమెకు కష్టం ఎదుటి కుర్చీలో కూర్చుని, ఇంటిపేరుతో, సర్వే నంబరుతో సహా చెప్పేది. అందుకే ఆమె యలమందయ్య ఏడిస్తే సామ్రాజ్యం మొత్తం కదిలిపోయేది.

అలాంటి ప్రతిభను మేం వృథా పోనివ్వలేదు. రెండేళ్లలో యలమందయ్యకు మూడు వరదలు తెప్పించాం. చక్రవర్తిగారు పడవలో పరామర్శకు రావాలంటే నీళ్లు ఉండాలి కదా. సేనాధిపతికి సైనికులు తక్కువైతే ఆయన కొడుకులిద్దరినీ యుద్ధానికి పంపించాం. రాజవైద్యుడు ఖాళీగా ఉన్నాడని మశూచి సోకించాం. ఎన్ని జరిగినా ఆయన ప్రతి పండక్కీ కోటగుమ్మం దగ్గరకొచ్చి కృతజ్ఞతలు చెప్పేవాడు. ఆదర్శ రైతు అంటే అలా ఉండాలి.

చివరికి ఒకరోజు సిద్దికా రాసింది: "నాకు రాయబుద్ధి కావడం లేదండీ. యలమందయ్యకి ఇంక చెప్పుకోడానికేం లేదు."

అత్యవసర సభ కూడింది. దీన్ని ప్రేరణ కోల్పోవడం అంటారని, విదేశాల్లో కూడా ఉందని రాజగురువు చెప్పాక అందరికీ ధైర్యం వచ్చింది. పట్టమహిషి గోరువెచ్చని నీళ్లు తాగమన్నారు. చక్రవర్తిగారు మాత్రం శాస్త్రీయంగా ఆలోచించారు. మా ప్రాంతంలో పత్తికి తెగులు వస్తే రైతు ఒక ఆకు తెంపి పురుగుమందుల కొట్టుకు తీసుకెళ్తాడు. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మూడు డబ్బాలు చేతిలో పెడతాడు. ఏమీ అక్కర్లేదని ఇంతవరకు ఏ కొట్టాయనా చెప్పలేదు. ఆ అనుభవంతో చక్రవర్తిగారు, "శాంపిలుకి ఒక పేరా పంపమ్మా" అన్నారు. ప్రింటు తీయించి వెలుతురుకేసి పెట్టి చూశారు. రసం పీల్చే పురుగు పట్టిందన్నారు. రెండు పిడుగులు, ఒక పెద్దపులి కలిపి ఒకే రోజు కొట్టమని, తగ్గకపోతే వారానికి మోతాదు రెట్టింపు చేయమని రాసిచ్చారు. మేం చిత్తశుద్ధితో కొట్టాం. పులి ఎడ్లను తినేసింది. సిద్దికా సైటుకు రావడమే మానేసింది.

ఇక సన్మానం ఒక్కటే మిగిలింది. మా జిల్లాల్లో బాగుచేయలేని ప్రతిదానికీ శాలువా కప్పుతాం.

నవంబరు పదిహేనున ఏడుగురు పాలకులం సుమో మాట్లాడుకుని మధ్యాహ్నం మూడింటికి ఆ నెట్ సెంటరుకు చేరాం. అదే ఊళ్లో పనిచేసే మహామంత్రి అంకమ్మరావు గారు మాత్రం, ఆఫీసులో ఆఖరి గడువు రోజని, ప్రజాసేవలో ఊపిరాడడం లేదని సందేశం పంపారు. గడువు దేనికో మేం అడగలేదు. లోపల పదిమంది రైతులు వరసలో నిలబడి ఉన్నారు. నకిలీ పత్తి విత్తనాలకు నష్టపరిహారం అర్జీలు ఆ సాయంత్రం అయిదింటి వరకే తీసుకుంటారట. సిద్దికా ఎదుట కుర్చీలో కోటిరత్నం అనే ఆవిడ కూర్చుంది. ఒళ్లో ఖాళీ విత్తనాల సంచి, బిల్లు, పాసుపుస్తకం జిరాక్సు. ఆమెకున్న రెండెకరాల్లోనూ పత్తి మనిషెత్తు పెరిగి, కాయ కాయలేదు. ఆ కాగితం అందకపోతే వచ్చే ఏడు చేను కౌలుకిచ్చి కూలికి పోవడమేనని సిద్దికాతో చెబుతోంది. సన్నివేశం చాలా సహజంగా ఉందని పట్టమహిషి మీసం సవరించుకుంటూ మెచ్చుకున్నారు.

చక్రవర్తిగారు ప్రసంగం మొదలుపెట్టారు. "ఈ గడ్డ మీద రైతు కన్నీటిని ఇంత అందంగా రాసిన చెయ్యి మరొకటి లేదు. రైతు నవ్వితే మనకేముంటుంది చెప్పండి? రైతు ఏడ్చినప్పుడే కదా మనలోని మనిషి మేలుకునేది. అమ్మా సిద్దికా, ఆ కన్నీటిని ఆపకు. సామ్రాజ్యం నీ వెనక ఉంది."

"సార్, వాళ్లకి పనుందండీ, గడువు అయిపోతది" అంది సిద్దికా.

"ఎంత వినయమో చూడండి" అన్నారు చక్రవర్తిగారు.

"అయ్యా, దండలు తర్వాత ఏసుకోండి. అయిదింటికి కిటికీ మూసేత్తారంట. నా కాయితం ఒక్కటి కానియ్యండి" అంది కోటిరత్నం.

"అయిదు నిమిషాలమ్మా" అన్నారు రాజగురువు. తర్వాత ఆయన గంటసేపు మాట్లాడారు. నేను ఇరవై నిమిషాలే మాట్లాడాను. ఫొటోలో పల్లె వాతావరణం ఉంటుందని శాలువా ఉన్న పళ్లెం కోటిరత్నం చేత పట్టించాం. రెండుసార్లు ఫ్లాష్ వెలగలేదు. మూడోసారి బాగా వచ్చింది. అయిదుకు పది నిమిషాలుండగా మేం సుమో ఎక్కి బయల్దేరాం.

ఆ సాయంత్రం ఏడింటికి యలమందయ్య మళ్లీ కోటగుమ్మం ముందుకొచ్చాడు.

"మహాప్రభో, గింజలు మొలిచాయి. చెట్టు మనిషెత్తు పెరిగింది. చూసిన వాళ్లంతా నా అదృష్టం అన్నారు. ఒక్క కాయ కాయలేదు. ఖాళీ సంచి తెమ్మన్నారు, తెచ్చాను. బిల్లు తెమ్మన్నారు, తెచ్చాను. పాసుపుస్తకం తెమ్మన్నారు, తెచ్చాను. పంట ఒక్కటే తేలేకపోయాను. దయచేసి నా కాగితం తీసుకోండి."

సామ్రాజ్యంలో పండగైంది. శాలువా పనిచేసిందని చక్రవర్తిగారు ప్రకటించారు. పట్టమహిషి మూర్ఛపోయారు. కానీ అన్నిటికంటే గొప్పగా స్పందించింది మహామంత్రి. అంకమ్మరావు గారు ఆఫీసు నుంచి ఇంటికెళ్లి, స్నానం చేసి, తమ సొంత కంప్యూటరు ముందు కూర్చుని ఇలా రాశారు: "యలమందా, నీ అర్జీ చదివి నా కళ్లు చెమర్చాయి. వేళ దాటిందని నీలాంటి వాణ్ణి గుమ్మంలోంచి తిప్పి పంపేవాడు అసలు మనిషేనా? నేను మహామంత్రిగా ఉన్నంతకాలం రైతు ముందు ఏ తలుపూ మూతపడదు."

పావుగంట తర్వాత సిద్దికా రాసింది. ఈసారి యలమందయ్యగా కాదు.

"అంకమ్మరావు సార్, ఇది మీరు ఇవాళ అయిదూ పదికి తిప్పి పంపిన కాయితమండీ. పేరు మార్చి పెట్టాను. కోటిరత్నం గారు ఇంకా ఇక్కడే బెంచీ మీద కూర్చున్నారు. మీరు రాసింది చదివి వినిపిస్తే, 'ఎవరో దేవుడులాంటి ఆయన అమ్మాయ్, ఆయన ఆఫీసెక్కడో కనుక్కో, రేపు ఆయన దగ్గరికే పోదాం' అంటన్నారు. ఏం చెప్పమంటారు సార్?"

మహామంత్రి నుంచి జవాబు రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

"కథలోకి బయటి విషయాలు తీసుకురావడం నిబంధన నాలుగుకు విరుద్ధం."

చక్రవర్తిగారు బలపరిచారు. ఓటింగు పెట్టాం. సిద్దికా సభ్యత్వం ఏకగ్రీవంగా రద్దయింది. నేనూ చెయ్యెత్తాను. అయితే మాది కళను గౌరవించే సామ్రాజ్యం కనుక, ఆ అర్జీకి ఆ ఏటి ఉత్తమ రచన బహుమతి ఇచ్చాం. ప్రశంసాపత్రం రాసింది నేనే. కోటిరత్నం ఏమైందో ఎవరం కనుక్కోలేదు. కనుక్కుంటే అదీ బయటి విషయమే అవుతుంది.

ఆ అర్జీ చదివినప్పుడు మీకూ మనసు చివుక్కుమని ఉంటుంది. సంతోషం. మహామంత్రిగారికి కూడా అచ్చం అలాగే అయింది.