మేకు కొట్టరాని హాలు

పాత భవనాలను మించిన గురువులు లేరు! నవ్వకండి. మా ఊరి టీచర్ల ట్రైనింగ్ కాలేజీ మెయిన్ హాలు చూడనివాళ్లే నవ్వుతారు.

నూరేళ్ల నాటి కట్టడం. మూరెడు మందాన రాతిగోడలు, నిచ్చెన వేసినా అందని గుమ్మటం. లోపల ఒక్క మాటంటే మూడు మాటలై తిరిగొస్తుంది. ఒకసారి చెబితే పిల్లల బుర్రకెక్కదని అందరూ ఏడ్చే కాలంలో, జీతం అడక్కుండా వల్లె వేయించే గోడలు ఇంకెక్కడ దొరుకుతాయి?

మా కోడలు అక్కడే చదువుతోంది. పాఠం చెప్పే పరీక్ష ఆ హాల్లోనే జరగాలని ఆనవాయితీ. పోయినసారి పక్క బడి పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారు. "ఏడులోంచి మూడు తీసేస్తే ఎంత?" అని అడిగింది. ముందు బెంచీ పిల్ల "నాలుగు!" అని అరిచింది.

వెనక బెంచీ వాడు లేచి, "కాదు టీచర్, పన్నెండు!" అన్నాడు.

"పన్నెండెలా అయిందిరా?"

"నాలుగు, నాలుగు, నాలుగు... మూడుసార్లు వినబడింది కదా టీచర్!"

చూశారా! తీసివేత చెప్పబోతే కూడిక కూడా వచ్చేసింది. ఇంత లాభసాటి పాఠం విని కూడా, చివర కూర్చున్న పరీక్షాధికారి 'మాటలో స్పష్టత లేదు' అని మా కోడల్ని ఫెయిల్ చేశాడు. చరిత్రంటే గౌరవం లేని మనిషి!

దళసరి కర్టెన్లు వేలాడదీస్తే మోత తగ్గుతుందని ట్రైనింగ్ పిల్లలంతా పాత కట్టడాల్ని కాపాడే కమిటీ పెద్దాయన్ని బతిమాలారు. ఆయన గుండె పట్టుకున్నాడు. "కర్టెనంటే మేకు కొట్టాలి కదమ్మా! ఈ గోడకి మేకా?"

నిజమే. టీచర్లదేముంది, తప్పితే మళ్లీ రాస్తారు. గోడకి చిల్లు పడితే?

అదృష్టం కొద్దీ కాలేజీ వెనక సైకిల్ షెడ్డుంది. రేకుల కప్పు, మూడు పక్కలా గాలి, చరిత్ర సున్నా. అక్కడ గుసగుసలాడినా ఆఖరి వరసకు వినబడుతుంది. ప్రిన్సిపాల్ మేడమ్ దయతలచి, సోమవారం జరిగే రెండోసారి పరీక్ష అక్కడ పెడతానంది. ఆ రాత్రి మా కోడలు కంటినిండా నిద్రపోయింది.

నిన్న కమిటీ పెద్దాయన షెడ్డు దాకా వచ్చాడు. రేకు మీద వేలితో కొట్టి, "ఇదెప్పటిది?" అన్నాడట. వాచ్‌మన్ ఊరుకోవచ్చు కదా! "మా నాన్న డ్యూటీలో చేరకముందు నుంచీ ఉందయ్యా" అన్నాడు గర్వంగా.

సాయంత్రానికల్లా షెడ్డు చుట్టూ తాడు, తాడుకి బోర్డు: 'చారిత్రక కట్టడం. లోనికి రాకూడదు.' సైకిళ్లు ఎండలోకి, పరీక్ష మళ్లీ హాల్లోకి!

ఇక సోమవారం దాకా పాఠం సాధన చేసుకోడానికి మా కోడలికి వంటిల్లే బడి. పొయ్యి దగ్గర నేను, కూరలు తరుగుతూ మా అత్తగారు... ఇద్దరమూ వెనక బెంచీ వాళ్లమే.

"గొంతు పెంచనా అత్తయ్యా?"

"అక్కర్లేదమ్మా. ఇక్కడ ప్రతి మాటా ముత్యంలా వినబడుతోంది" అన్నాను.

మా అత్తగారు కత్తి కింద పెట్టి, గబగబా వెళ్లి కిటికీ మూసొచ్చారు.

"మెల్లగా అనవే తల్లీ! ఈ వంటిల్లు నేను కాపురానికి రాకముందుది. ఆ కమిటీ ఆయన చెవిన పడితే, రేపు మన పొయ్యికీ తాడు కడతాడు!"