ఊ ఆగిన చోట

శనివారం పొద్దున లైబ్రేరియన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, అత్తగారికి పాఠం అప్పజెప్పాలి, నాలుగింటికి లైబ్రరీలో పిల్లల గదిలో కథ చెప్పాలి. ఆ గదిలో విరిగిన కుర్చీలు పడేసుకుందామని పై అధికారి ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు. "కథకి జనం వస్తే గది ఉంచుదాం, రాకపోతే కుర్చీలు పంపిస్తాను" అని తేల్చేశాడు. ఇవాళ స్వయంగా చూడటానికి వస్తున్నాడు. కిందటి వారం వచ్చిందేమో ఇద్దరే పిల్లలు, అందులో ఒకడు నిద్రపోయాడు. ఆ గది గోడలకి సెలవు రోజుల్లో రంగులు వేసుకున్నది లైబ్రేరియనే. అది పోతుందనుకుంటేనే అతనికి అన్నం సయించడం లేదు.

పుస్తకం చూసి చదవమంటే అతనికి తిరుగు లేదు. పుస్తకం లాగేసుకుంటే మాత్రం నోట మాట రాదు. అందుకే అత్తగారి దగ్గర శిష్యరికం మొదలుపెట్టాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి కబురు చెబితే పాలు పోసే మనిషి గిన్నె నిండి పొర్లిపోయినా చూసుకోడు. అల్లుడికి మర్యాద ఇస్తూ పాఠం చెప్పడం తన వల్ల కాదని, పాఠం వేళ "నువ్వు", మిగతా వేళల్లో "మీరు" అని ఆవిడ ముందే ఒప్పందం చేసుకుంది.

"కథని కథలా చెప్పకు. పక్కింటి సంగతిలా చెప్పు. నేను కొండచిలువ బావిలో ఉందన్నానని నువ్వూ బావే అనాలా? మన మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉందిగా. కొండచిలువని అందులో పెట్టు."

"సరే అత్తయ్యగారూ. ఎక్కడ ఆపాలి?"

"వినేవాడు ఊ కొడుతూ ఉంటాడా? ఆ ఊ మానేసి, నోరు తెరుచుకుని చూస్తాడే, అక్కడ ఆపు. ఆపి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపో. వాడే వెంటపడతాడు."

"మరి మిగతా సగం ఎప్పుడు నేర్పుతారు?"

"ముందు ఈ సగానికి ఎవరిచేతైనా ఊ ఆపించుకుని రా. పాఠం అయింది. బాబూ, మీరు ఇంకో గుక్క టీ తాగుతారా?"

మెట్ల మీద వాళ్ళ అపార్ట్‌మెంట్ల సెక్రటరీ, మీసాలాయన, బల్బు మారుస్తున్నాడు. ఆ భవనంలో మోటారు, ట్యాంకు, లిఫ్టు, అన్నీ ఆయన పెత్తనమే. ఇంతకన్నా మంచి శ్రోత దొరకడనుకుని లైబ్రేరియన్ గొంతు తగ్గించాడు.

"విన్నారా? మన ట్యాంకులో నీళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి."

"ఊ. నేనూ గమనిస్తున్నాను."

"ఎవరు వాడుతున్నారో అంతుపట్టలేదు. మూత ఎత్తి చూస్తే లోపల ఏదో చుట్టలు చుట్టుకుని ఉంది."

"ఊ..."

"కొండచిలువ!"

ఊ రాలేదు. మీసాల కింద నోరు తెరుచుకుంది. జీవితంలో తను ఆపించిన మొదటి ఊ అది. లైబ్రేరియన్‌కి ఆయన్ని కావలించుకోవాలనిపించింది. కానీ పాఠం గుర్తొచ్చి, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు.

"ఏవండోయ్! తర్వాత?"

"సాయంత్రం చెప్తాను!"

సెక్రటరీ ముందు నీళ్ళు కట్టేశాడు. తర్వాత తలుపు తలుపూ తట్టాడు. ఒక అంతస్తులో కొండచిలువ జంట అయింది, పై అంతస్తులో గుడ్లు పెట్టింది. ఆ పై అంతస్తులో లాయరమ్మగారి పిల్లి నిన్నటి నుంచి కనబడటం లేదు, దాంతో అదీ లెక్క తేలిపోయింది. పాములు పట్టే ఆయనకి కబురు వెళ్ళింది. ఆయన ఊరి అవతల ఇంకో పాము పనిలో ఉన్నాడు, అది అవగానే వస్తానన్నాడు.

మధ్యాహ్నం లైబ్రేరియన్ చాపలు పరుస్తుండగా భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. ట్యాంకులో పాముల జంట ఉందట, గుడ్లు కూడా పెట్టాయట! లాయరమ్మగారి పిల్లిని మింగేశాయట!"

లైబ్రేరియన్ చెప్పింది ఒక్క పాము గురించి. అందులో గుడ్లు లేవు, పిల్లి అసలే లేదు. అందుకని సొంత కథని తనే గుర్తుపట్టలేకపోయాడు.

"అమ్మ బాబోయ్! అత్తయ్యగారిని తీసుకుని వెంటనే ఇక్కడికి వచ్చెయ్. అందరినీ రమ్మను. ఇక్కడ నీళ్ళున్నాయి, ఫ్యాన్లున్నాయి!"

నాలుగింటికి అధికారి వచ్చేసరికి గదిలో కాలు పెట్టే చోటు లేదు. పిల్లలు, పెద్దలు, ఖాళీ బకెట్లు.

"కథకేనా అమ్మా, ఇంతమందీ?" అని గుమ్మంలో ఉన్న ఒక ముసలావిడని అడిగాడు.

"ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాం నాయనా."

కథలంటే జనానికి ఇంత ప్రాణమా అని అధికారి మెత్తబడి చాప మీద కూర్చున్నాడు. లైబ్రేరియన్ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ట్యాంకులో నీళ్ళు తగ్గాయన్నాడు. గదంతా ఊ కొట్టింది. మూత ఎత్తానన్నాడు. ఊ. కొండచిలువ అన్నాడు.

ఊ ఆగిపోయింది. సెక్రటరీ లేచి నిలబడ్డాడు.

"ఇది పొద్దున మీరు నాకు చెప్పిందే కదా?"

లైబ్రేరియన్‌కి అప్పుడు వెలిగింది. "అది... కథండీ."

"కథా! పొద్దుట్నుంచి ఇంటిల్లిపాదీ స్నానాలు మానుకుని కూర్చుంటే!"

గదిలో గోల మొదలైంది. అధికారి ముఖం మారింది. లైబ్రేరియన్ తను రంగులు వేసిన గోడల వంక చివరిసారి అన్నట్టు చూశాడు. ఇంతలో లాయరమ్మగారు చెయ్యెత్తింది.

"తిట్టాలంటే తర్వాత తిడదాం. ముందు పాము ఏమైందో చెప్పనివ్వండి."

"నాకు... సగమే వచ్చండి. మిగతాది మా అత్తగారికి తెలుసు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అత్తగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"నాకూ అంతే వచ్చు. అమ్మ చెబుతుంటే సరిగ్గా అక్కడికొచ్చేసరికి నిద్రపోయేదాన్ని. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకునేలోపు అమ్మే లేకుండా పోయింది. అందుకే అక్కడ ఆపడం ఒక్కటీ బాగా నేర్చుకున్నాను."

లైబ్రేరియన్‌కి కోపం రావలసింది, కళ్ళు చెమర్చాయి. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"పాము వచ్చిన దారినే పోతుంది లెండి, ఆ పైపు వెడల్పే" అన్నాడు సెక్రటరీ, ఉండబట్టలేక.

"మింగిన పిల్లితో పైపులో ఎలా పడుతుందండీ?" అంది లాయరమ్మగారు.

"ముందు పిల్లిని కక్కాలి!" అని పిల్లలు అరిచారు. చాపలు దగ్గరికి జరిగాయి. కొండచిలువని ట్యాంకులోంచి దింపే దారి తలా ఒకటి చెబుతుంటే అధికారి ఉత్సాహం పట్టలేక లేచాడు. "ఒక్క పూటలో తేలేది కాదు. అది బయటికి వచ్చేదాకా ఈ గది కుర్చీలకి ఇవ్వను!"

సరిగ్గా అప్పుడు పాములు పట్టే ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి, ట్యాంకు అడుగుదాకా చూశానని, అందులో ఏ పామూ లేదని చెప్పాడు.

అధికారి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, సరిగ్గా వెతకలేదన్నాడు.