కుళాయి దగ్గర ముఖ్య అతిథి

మాజీ సైనికుల దినానికి ఒకటో తరగతి టీచరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. మామగారు బడికి రావాలి, పిల్లలు సెల్యూట్ కొట్టాలి, ఆయన నాలుగు మాటలు చెప్పాలి. సైన్యం వదిలాక ఆ పెద్దమనిషి నలుగురిలోకి రావడమే మానేశాడు. ఆమె కాళ్ళావేళ్ళా పడితే కదిలాడు.

"నన్ను బొమ్మలా కూర్చోబెట్టి నవ్వులపాలు చేశారో, ఇక గుమ్మం దాటను. చెప్తున్నా," అన్నాడు.

దేశం కోసం పనిచేసినవాళ్ళు యూనిఫాంలో ఉంటారని, కనబడగానే సెల్యూట్ కొట్టి కుర్చీలో కూర్చోబెట్టాలని ఆమె పిల్లలకు ముందురోజే నూరిపోసింది. కానీ మామగారి పొట్ట ఆ యూనిఫాంతో ఎప్పుడో తెగతెంపులు చేసుకుంది. ఆయన మామూలు చొక్కాలో బయలుదేరాడు.

ఆయనకంటే ముందు పిల్లలకు కనబడిన యూనిఫాం గేటు కాపలావాడిది. అందరూ సెల్యూట్ కొట్టి, అతన్ని లాక్కెళ్ళి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. కాపలా లేని గేటులోంచి లోపలికొచ్చిన మామగారికి హెడ్మాస్టరు ఎదురయ్యాడు. కుళాయి బాగుచేసేవాడి కోసం ఆయన కళ్ళు కాయలు కాచి ఉన్నాయి.

"ఇప్పుడా రావడం? వెనకాల కుళాయి కారిపోతోంది. నడు, నడు," అన్నాడు, పెద్దవయసని కూడా చూడకుండా.

పైవాడు వెళ్ళమంటే ఎందుకని అడగడం మామగారి ఒంట్లో లేదు. "అలాగే సార్," అని మడమలు చరిచి వెళ్ళాడు.

హెడ్మాస్టరు వేదికెక్కి ఉపన్యాసం అందుకున్నాడు. రోజూ తనకు గేటు తీసే మనిషి మొహం ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు. "ఈ వీరుడు సరిహద్దులో..." అంటూ కాపలావాడి చేతిలో పూలగుత్తి పెట్టాడు.

"అమ్మా, దిగిపోతే తిడతారు, కూర్చుంటే ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యను?" అని కాపలావాడు టీచరమ్మతో గొణిగాడు.

ఆమె వేదిక దగ్గర్నుంచి పరుగెత్తింది. మామగారి కోసం బడంతా వెతికింది. ఆయన కుళాయి దగ్గర, అక్కడే దొరికిన పనిముట్లు ముందేసుకుని నిలువెల్లా తడిసి ఉన్నాడు. ఉపన్యాసం భరించలేక నీళ్ళ వంకతో జారుకున్న పిల్లలు చుట్టూ మూగారు.

"మామయ్యా, నా తలకాయ తీసెయ్యాలి. సైనికుడని మిమ్మల్ని పిలిచి..."

"ఉండమ్మా, పనిలో ఉన్నాను."

"తాతా, నువ్వు నిజంగా సైనికుడివా? తుపాకీ ఏదీ?" అంది ఒక పిల్ల.

"తిరిగి ఇచ్చేశాను. ఆ పానా ఇలా అందుకో."

"యుద్ధంలో నీకు భయమేసిందా?"

పానా ఆగింది. "వేసింది. నా పక్కవాడికీ వేసింది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం."

ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరితోనూ అనని మాట అది. ఆ పిల్ల సెల్యూట్ సంగతి మరిచిపోయి, తన చిన్న చెయ్యి ఆయన తడి చేతిలో పెట్టింది. టీచరమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు మామగారు.

"రేపు కార్యక్రమమేమీ లేదు మామయ్యా."

"నిన్నెవరు అడిగారు? పిల్లల్ని అడుగుతున్నాను. నా పక్కవాడి కథ ఇంకా చాలా ఉంది."

అప్పటికి వేదిక మీద హెడ్మాస్టరు, కాపలావాడి చేత రెండో యుద్ధం గెలిపిస్తున్నాడు.