మేయరుగారి నడక దూరం

"ఈ క్షణం నుంచి మన ఊళ్ళో ఏ హోటలూ పార్కుకి దూరం కాదు!" అని మేరీగోల్డ్ సిటీ మేయరు గ్రేడీ టాలివర్ గారు మైకు ముందు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో హోటళ్ళ యజమానులే కూచున్నారంటే, అది వాళ్ళు పెందరాళే వచ్చినందువల్ల తప్ప మరోటి కాదు.

ఆ ఊరికి ప్రాణమంతా వండర్ కోవ్ అనే పార్కులో ఉంది. కాలిఫోర్నియా నలుమూలల నుంచీ పిల్లల్ని వెంటేసుకుని వచ్చే కుటుంబాలు కంప్యూటరు ముందు కూచుని మూడే మాటలు వెతుకుతాయి: చవక, కుటుంబం, నడక దూరం. పార్కు గేటు ఎదురుగా ఉన్న హోటళ్ళకు మూడో గుణం ఉంది గనక మొదటిది లేదు. ఫ్రీవేకి అవతలున్న హోటళ్ళకు మొదటి రెండూ ఉన్నాయి, మూడోది లేదు. పాపం, అవి ఈగలు తోలుకుంటున్నాయి. వాటిలో కొన్ని మేయరుగారి బావమరిదివి. కానీ టాలివర్ గారి చూపు ఏనాడూ బంధుత్వం మీద పడదు, న్యాయం మీదే పడుతుంది.

సామాన్యుడైతే బస్సు వేసేవాడు. కాస్త తెలివైనవాడైతే ఫుట్‌పాత్ వేసేవాడు. టాలివర్ గారు ముందుచూపున్న మనిషి. హోటళ్ళను జరపలేదు, పార్కును జరపలేదు. దూరాన్ని జరిపారు. ఆరోగ్యవంతుడైన మనిషి నడిచి చేరగలిగినదంతా నడక దూరమేనని నగరసభ తీర్మానించింది. ఆరోగ్యవంతుడంటే ఎవరని ఒక సభ్యురాలు అడిగింది. వెంటనే కమిటీ పడింది. కమిటీ వారు కాలేజీలో పరుగు నేర్పే కోచమ్మను పిలిచి నడవమన్నారు. ఆవిడకి నడిచే అలవాటు లేదట, పరిగెత్తింది. పది నిమిషాలు పట్టింది. మర్నాటి నుంచి ఊళ్ళోని ప్రతి హోటలు తలుపు మీదా బంగారు రంగు బూటు బొమ్మ, దాని కింద "పార్కుకి పది నిమిషాల నడక" అన్న నగరసభ ముద్ర.

ఆ ముద్రను బేకర్స్‌ఫీల్డ్‌లో తన వంటగదిలో కూచుని కంప్యూటర్లో చూసింది యులాలియా బర్రగాన్. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అల్లుడు వేడ్ సైన్యంలో పనిచేస్తాడు. అతన్ని జర్మనీకి వేశారు. వచ్చేవారం కూతురు గ్రసియేలా, ఆరేళ్ళ మనవరాలు నయేలి కూడా అతనితో వెళ్ళిపోతున్నారు. వెళ్ళేముందు ఒక్కరోజు ఆ పార్కులో, పొద్దుట్నించి బాణసంచా కాల్చేదాకా, మనవరాలి చెయ్యి పట్టుకుని తిరగాలన్నది యులాలియా కోరిక. అంతకుమించి ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

"అమ్మా, గేటు ఎదురుగా ఉన్నవాడు ఒక్క రాత్రికి నెల అద్దె అడుగుతున్నాడు," అంది గ్రసియేలా. "కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే, కారుందిగా."

"కారు వద్దే. మధ్యాహ్నానికి నా మోకాళ్ళు మొరాయిస్తాయి. అప్పుడు మీరు నన్ను గదిలో దింపి, 'నువ్వు పడుకో అమ్మా' అని వెళ్ళిపోతారు. మళ్ళీ వచ్చి తీసుకెళ్ళమని నేను అడగలేను. అదే నడిచే దూరమైతే ఓ కునుకు తీసి, నా అంతట నేనే లేచి వచ్చేస్తాను."

"ఎవరమ్మా నిన్ను వదిలేసేది?"

యులాలియా తెర మీద బూటు బొమ్మను వేలితో చూపించింది. సన్నీ లేన్ ఫ్యామిలీ ఇన్. చవక. కుటుంబానికి పెద్ద గది. పొద్దున టిఫిను ఉచితం. పది నిమిషాల నడక. అయినా మనసాగక ఫోను చేసింది.

"నిజంగా పది నిమిషాలేనా నాయనా?"

"నగరసభ ముద్ర ఉంది మేడమ్," అన్నాడు అవతల గుమాస్తా డెక్స్‌టర్.

"నువ్వెప్పుడైనా నడిచావా?"

"నేనా? నాకు కారుంది మేడమ్."

"పోనీ, మీ హోటల్లో ఎవరైనా నడిచారా?"

"మా తరపున నగరసభ నడిచింది మేడమ్."

ప్రభుత్వమే నడిచాక ఇంకేం అడుగుతుంది? గది తీసుకున్నారు.

వాళ్ళు చేరేసరికి చీకటి పడుతోంది. హోటలు ఫ్రీవే పక్కనే ఉంది. పార్కు కనబడలేదు గానీ, ఫ్రీవే అవతల ఎక్కడో దాని పెద్ద చక్రం కొస మిణుకుమిణుకుమంది. దూరపు కొండలు నునుపంటారు. దూరపు చక్రాలు ఇంకా నునుపు.

పొద్దున్నే టిఫిను తిని, ఎందుకైనా మంచిదని కారు బయటికి తీయబోతే డెక్స్‌టర్ ఎదురొచ్చాడు. "కార్లు బందు సార్. ఇవాళ మేయరుగారి నడక దినోత్సవం. పార్కు వైపు రోడ్లన్నీ మూసేశారు."

"మరి పార్కుకి ఎలా వెళ్ళేది?" అన్నాడు వేడ్.

"అదేంటి సార్, నడక దూరమేగా!"

"పది నిమిషాలే కదూ?" అంది యులాలియా.

డెక్స్‌టర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్పకూడదు గానీ మేడమ్, ఆ కొలత మా వెనక చెత్తడబ్బా దగ్గర మొదలవుతుంది. పార్కు వెనక గోడ దగ్గర ఆగిపోతుంది. గేటేమో పార్కుకి ఆ మొహాన ఉంది. గోడ దాటగలిగితే మాత్రం, దగ్గరే!"

కాళ్ళకు బలపం కట్టుకుని నలుగురూ బయల్దేరారు. కొంత దూరం ఫుట్‌పాత్ ఉంది. తర్వాత ఫుట్‌పాత్‌కి గడ్డి మొలిచింది. ఆ తర్వాత గడ్డే ఉంది. నయేలి వాళ్ళ నాన్న భుజమెక్కింది. ఎండ చురుక్కుమంటోంది. ఫ్రీవే వంతెన దగ్గర పోలీసు బండి వచ్చి ఆగింది. పోలీసాయన దిగి, వాళ్ళని ఎగాదిగా చూసి, "కారు పాడైందా?" అని జాలిగా అడిగాడు.

"లేదు. నడుస్తున్నాం," అన్నాడు వేడ్.

"ఎందుకు?"

"పార్కుకి."

"ఎక్కడికని అడగలేదు సార్. ఎందుకు అని అడిగాను. ఇక్కడ నడవకూడదు. బోర్డు చూళ్ళేదా?"

"మేయరుగారే నడక దూరమన్నారు కదా బాబూ!" అంది యులాలియా.

"దూరం నడకదేనమ్మా. నడవడం మాత్రం నిషేధం," అని పోలీసాయన బండెక్కి వెళ్ళిపోయాడు.

వెనక్కి వెళ్దామంటే వెనకా అంతే దూరం. యులాలియా మోకాళ్ళు ఇక కదలమన్నాయి. వంతెన నీడలో సిమెంటు దిమ్మ మీద కూలబడి, మనవరాలికి వినబడకుండా "మీరు వెళ్ళండే, దాని రోజు పాడుచెయ్యకండి" అంది కూతురితో. భయపడినదే జరుగుతోంది. ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు.

సరిగ్గా అప్పుడే మేయరుగారి నడక వచ్చింది. ముందు మోటారు సైకిళ్ళు, వెనక నల్ల కార్లు, వాటి వెనక కెమెరాల వ్యాను, మడత కుర్చీలు మోసే లారీ. నడకలో పాల్గొనేవాళ్ళందరూ కార్లలో ఉన్నారు. టాలివర్ గారు కొత్త బూట్లతో దిగారు. సహాయకుడు చెవిలో ఏదో ఊదాడు. ఆయనతో కలిసి నడవడానికి పిలిపించిన ముసలావిడ వ్యానులో నిద్రపోయిందట.

మేయరుగారి చూపు యులాలియా మీద పడింది.

"పెద్దమ్మా! హోటలు నుంచి నడిచే వచ్చారా?"

"నడిచే వచ్చాం నాయనా."

"హాయిగా ఉందా?"

"నా వల్ల కాదు బాబూ. ఇంకొక్క అడుగు వెయ్యలేను."

"విన్నారా!" అన్నారు మేయరుగారు కెమెరాల వైపు తిరిగి. "ఈ తల్లికి ఇంకొక్క అడుగు కూడా అవసరం లేదంటోంది!"

గేటు దగ్గర కట్టాల్సిన స్వాగత తోరణం లారీలోనే ఉంది. మధ్యాహ్నం హోటలు యజమానుల విందుకి టైమవుతోంది. టాలివర్ గారు ఒక్క క్షణం ఆలోచించారు. గొప్పవాళ్ళు ఎక్కువసేపు ఆలోచించరు. "ఆవిడ ఎక్కడ ఆగితే అదే గమ్యం," అన్నారు. తోరణం అక్కడే లేచింది. రంగు తాళ్ళు కట్టారు, కుర్చీలు వేశారు, రిబ్బను కత్తిరించారు. మేయరుగారు యులాలియా భుజం మీద చెయ్యివేసి ఫొటో దిగి, కారెక్కి, విందుకి వెళ్ళిపోయారు. తోరణం మాత్రం ఉండిపోయింది. కట్టినవాళ్ళకి కట్టే కాంట్రాక్టే ఉంది, విప్పేది వేరేవాళ్ళది.

"అత్తయ్యా, మీరూ నయేలీ ఈ నీడలో కూచోండి. రోడ్డు ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని కారు తెస్తాం," అని వేడ్, గ్రసియేలా వెనక్కి వెళ్ళారు.

కాసేపటికి తోసుడుబండిలో పసిదాన్ని పడుకోబెట్టుకుని ఒక జంట గడ్డిలోంచి వచ్చింది. వాళ్ళదీ బంగారు బూటు హోటలే. తోరణాన్ని చూశారు, తాళ్ళను చూశారు, తాడు ముందు కుర్చీలో కూచున్న అమ్మమ్మనీ మనవరాలినీ చూశారు. వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డారు.

"ఇక్కడేం లేదమ్మా," అంది యులాలియా.

"ఫర్వాలేదండీ, ఆగుతాం."

వాళ్ళ వెనక ముగ్గురు పిల్లల్తో టోపీ పెట్టుకున్న ఒకాయన చేరాడు. "ఇది దేనికి లైను?"

"కొత్తదట. మేయరుగారే తెరిచారట," అంది తోసుడుబండి ఆవిడ.

"బాబూ, ఇది ఉత్త తోరణం. దీని అవతల రోడ్డే," అంది యులాలియా.

టోపీ ఆయన నవ్వాడు. "మీరు ముందున్నారు కదాని మమ్మల్ని పంపించెయ్యాలని చూడకండి పెద్దమ్మగారూ. మేం ఏటా వస్తాం ఈ పార్కుకి. మాకు తెలుసు. అవతల ఏముందో బయటికి కనబడకపోవడమే దీని గొప్ప."

లైను వంతెన దాటింది. వెనకవాళ్ళకి తోరణం కనబడదు. అందువల్ల వాళ్ళకి నమ్మకం ఇంకా ఎక్కువ. ఎవరో ద్రాక్షపళ్ళు పంచారు, ఎవరో యులాలియా తలకి గొడుగు పట్టారు. లైనులో మొదటి మనిషంటే అక్కడ అంత మర్యాద. నయేలి మడత కుర్చీలో అమ్మమ్మని ఆనుకుని కూచుంది. ఇద్దరూ చేతులు చరుచుకునే ఆట ఆడారు. నయేలి ఓడినప్పుడల్లా ఆట పేరు మార్చింది.

"అమ్మమ్మా."

"ఊఁ."

"జర్మనీ నడక దూరమేనా?"

యులాలియా పిల్ల జుట్టు వెనక్కి దువ్వింది. దువ్విన జుట్టునే మళ్ళీ దువ్వింది.

"మేయరుగార్ని అడగాలే," అంది.

సాయంత్రమవుతుండగా పోలీసాయన తిరిగొచ్చాడు. అన్ని కుటుంబాలు గడ్డిలో నిలబడి ఉండడం చూసి ముందు గతుక్కుమన్నాడు. లైను తిన్నగా ఉండడం చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "విడివిడిగా నడిస్తే నేరం. లైన్లో నిలబడితే కార్యక్రమం," అని తాడు కొక్కెం తీశాడు. "తోసుకోకండి. ఐదుగురు చొప్పున. ముందు పెద్దావిడ."

యులాలియా మనవరాలి చెయ్యి పట్టుకుని తోరణం కిందుగా నడిచింది. అవతల రోడ్డు ఉంది. పోలీసాయన చెయ్యి చూపించిన వైపు వంతెన స్తంభం చుట్టూ తిరిగి మళ్ళీ ఇవతలికి వచ్చారు. వెనకవాళ్ళూ అలాగే తిరిగొచ్చారు.

"ఎంత సేపు నిలబడ్డాం దీనికి!" అంది ఒకావిడ.

"అంతసేపు నిలబడాల్సి వచ్చిందంటే బాగుందనేగా!" అన్నాడు టోపీ ఆయన. అందరి మొహాలూ విప్పారాయి.

"మళ్ళీ, అమ్మమ్మా!" అంది నయేలి.

మళ్ళీ లైను చివరకు వెళ్ళి నిలబడ్డారు. యులాలియా మోకాళ్ళు నొప్పెడుతూనే ఉన్నాయి గానీ, ఆవిడ ఆ సంగతి వాటికే వదిలేసింది. ఎక్కడో గోడ వెనక బాణసంచా లేచింది. లైనంతా తలెత్తి చూసి, అది కూడా తోరణంలో భాగమేనని మేయరుగారిని మెచ్చుకుంది.

రోడ్లు తెరిచాక గ్రసియేలా, వేడ్ కారు తెచ్చేసరికి బాగా చీకటి పడింది. "పార్కు మూసేస్తారమ్మా. అయ్యో, దీనికి ఒక్కటైనా చూపించలేదు." వేడ్ టికెట్లు తిప్పి చూసుకున్నాడు. "ఇవి వారం దాకా చెల్లుతాయి అత్తయ్యా. మనకే వీలు కాదు, రేపు పొద్దున్నే ప్రయాణం."

"నాలుగుసార్లు తిరిగాం నాన్నా!" అంది నయేలి. కారులో అమ్మమ్మ ఒళ్ళో తలపెట్టి, మాట పూర్తి కాకుండానే నిద్రపోయింది. యులాలియా కాళ్ళు తిమ్మిరెక్కినా హోటలు దాకా కదపలేదు.

మర్నాడు పొద్దున వేడ్ సామాను కారులో సర్దుతున్నాడు. అటునుంచి అటే విమానాశ్రయానికి. యులాలియాను దారిలో బస్సెక్కిస్తారు. ఆవిడ హోటలు ముందుగదిలో నయేలికి జడ వేస్తోంది. మామూలుగా ఒక జడ వేసేది. ఇవాళ రెండు మొదలుపెట్టింది, రెండోదాన్ని విప్పి మళ్ళీ అల్లుతోంది. టీవీలో టాలివర్ గారు మాట్లాడుతున్నారు. వంతెన దగ్గరి కొత్త గేటుకి జనం నీరాజనం పట్టారనీ, ఇక మీదట కొలతలన్నీ ఆ గేటు నుంచే తీస్తారనీ, నిజాయితీ తన ఇంటి నుంచే మొదలు గనక, నిబంధనకు సరిపోని హోటళ్ళకు ఈ ఉదయమే బంగారు బూటు పీకేశామనీ చెబుతున్నారు.

తలుపు తోసుకుని ఒక కుటుంబం వచ్చింది. తండ్రి చేతుల్లో రెండు పెట్టెలు, తల్లి చంకలో ఒక పిల్ల, అందరికీ చెమటలు.

"గదులున్నాయా?" అన్నాడాయన డెక్స్‌టర్‌తో. "పార్కు ఎదురు హోటల్లో దిగాం. రోడ్డు దాటితే గేటే కదా అనుకున్నాం. రాత్రికి రాత్రి అది దూరమైపోయిందట."

తల్లి వచ్చి యులాలియా పక్కన కూలబడింది. "టీవీలో చూపించింది మిమ్మల్నేగా! నిన్న నడిచి వెళ్ళారా అమ్మా? నిజంగా దగ్గరేనా?"

యులాలియా జడ చివర రబ్బరు బిగించింది. వేడ్ బయట హారన్ కొట్టాడు. నయేలి లేవలేదు, ఆవిడా లేవమనలేదు.

"నడవచ్చు తల్లీ," అంది. "కానీ తొందరగా బయల్దేరండి. లైను పెరిగిపోతుంది."