సీలు పడ్డ బావగారు

ఆ రోజు పొద్దున గొళ్ళెం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దాఫీసు నుంచి మేడమ్ వస్తుంది, ఒక వ్యాగన్ తలుపు మూసి చూపించమంటుంది, తను మూస్తాడు, ఆవిడ మెచ్చుకుని శిక్షకుడి ఉద్యోగం ఇచ్చి వెళ్ళిపోతుంది. తను మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి ఆ కబురు భార్యకు చెబుతాడు. ఈ పథకంలో బావగారి ప్యాంటు ప్రస్తావన ఎక్కడా లేదు.

గొళ్ళెం అంటే మనిషి పేరే. అసలు పేరు వేరే ఉంది గాని దాన్ని పిలిచేవాళ్ళు లేక అతనే మరిచిపోయే స్థితిలో ఉన్నాడు. గూడ్సు షెడ్డులో వ్యాగన్ల తలుపులు మూయడం అతని పని. సరుకు ఎక్కించాక ఆ బరువైన ఇనప తలుపును పక్కకు తోసుకుంటూ పోయి మూయాలి. గొళ్ళెం వేయాలి. అది ఊడకుండా చీల దింపాలి. చీల చుట్టూ తీగ తిప్పి, తీగ కొసలకు సీసం బిళ్ళ తొడిగి, పటకారుతో నొక్కాలి. దాంతో సీలు పడినట్టు. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. మనవాడు ఆ పైన ఇంకోటి చేస్తాడు. జేబులోంచి కాగితం ముక్క తీసి, తలుపు సందులో దూర్చి చూస్తాడు. కాగితం దూరిందా, అంతా విప్పి మళ్ళీ మొదలు. ఇంట్లోనూ ఇదే వరస. పంచదార డబ్బాకు అతను మూత పెడితే తీయడానికి పక్కింటాయన రావాలి. పక్కింటాయన ఊళ్ళో లేనప్పుడు ఆ ఇంట్లో కాఫీ చేదుగానే తాగుతారు.

ఏళ్ళ తరబడి తోసీ తోసీ అతని కుడి భుజం మూలుగుతోంది. శిక్షకుడైతే తోయక్కర్లేదు. కుర్చీలో కూర్చుని, ఇంకొకడు తోస్తూ ఉంటే "ఇంకాస్త, ఇంకాస్త" అంటే చాలు. ఆ కుర్చీ మీద అతను పెట్టుకున్న ఆశ ఇంతా అంతా కాదు. అయితే సూపరింటెండెంటు సిఫారసు చేయాలి. సూపరింటెండెంటు స్వయానా అతని అక్క మొగుడు. అది అదృష్టమని చాలామంది అనుకుంటారు. వాళ్ళకు అలాంటి బావ లేడు.

"ఈ షెడ్డు నుంచి పోయిన తలుపు ఒక్కటైనా దారిలో తెరుచుకుందిట్రా?" అని ఆ పొద్దున బావగారు ప్లాట్‌ఫారం మీద నిలబడి అడిగారు.

"లేదు బావా."

"అది ఎవరి గొప్పతనం?"

"నాదే కదా బావా."

"నాది. సూపరింటెండెంటు ఎవరు? నేను. నువ్వు మూస్తావంతే, మూయించేది నేను. మేడమ్ ముందు ఆ తేడా తెలిసేలా నడుచుకో" అని బావగారు దర్జాగా వెనక్కి వాలారు. వెనక స్తంభం ఉంది. మేడమ్ వస్తోందని స్తంభాలన్నిటికీ అప్పుడే పసుపు రంగు పూసి వెళ్ళారు.

బావగారు ముందుకు కదిలారు గాని రంగు ఆయన వెంటే వచ్చింది. తెల్లటి యూనిఫాం ప్యాంటుకు వెనక నిలువునా పసుపు పట్టీ. ఆయన ఒకసారి అటు తిరిగి, ఒకసారి ఇటు తిరిగి, తన వెనక భాగాన్ని తానే చూసుకోబోయి గిరగిరా తిరిగారు. చివరికి ఇంటికి ఫోను చేసి, "ఇంకో ప్యాంటు పట్టుకుని పరుగెత్తుకు రా" అని భార్యకు చెప్పి, గడియారం స్తంభానికి ఎదురుగా ఉన్న వ్యాగన్‌లోకి ఎక్కి, దూది బేళ్ళ చాటున ప్యాంటు విప్పి బావమరిది చేతికిచ్చారు.

"ఆవిడ వచ్చేదెప్పుడో, ఏమిటో! కిరసనాయిలు పెట్టి రుద్దు. పో!"

గొళ్ళెం షెడ్డు వెనక్కి పరుగెత్తి ప్యాంటును కిరసనాయిలు బకెట్లో ముంచాడు. జేబులో ఉన్న బావగారి ఫోను కూడా దాంతోపాటే మునిగింది. రంగు మాత్రం అంటుకున్నచోటు వదల్లేదు సరికదా, ఇంకాస్త విశాలంగా పరుచుకుంది. అతను ఇటు ఉతుకుతూ ఉండగా, అటు ఇంజను వచ్చి బండికి తగులుకుని, వరసనంతా ఒక వ్యాగన్ మేర ముందుకు జరిపింది. అది గొళ్ళేనికి తెలియదు. కాబట్టి గడియారానికి ఎదురుగా ఉన్నదే బావగారి వ్యాగన్ అని అతను అనుకుంటూనే ఉన్నాడు.

మేడమ్ చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. పొట్టి మనిషి, పెద్ద సంచీ, చేతిలో పెన్ను. "సూపరింటెండెంటు ఏరీ?" అంది.

"ఇప్పుడే... అలా వెళ్ళారు మేడమ్."

"సరే, మనం మొదలుపెడదాం. అదిగో, ఆ వ్యాగన్ మూయండి" అని గడియారం ఎదుట ఉన్నదాన్ని కాక దాని ముందుదాన్ని చూపించింది.

గొళ్ళెం బతుకుజీవుడా అనుకున్నాడు. తలుపు దగ్గర నిలబడి, నియమం ప్రకారం, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. లోపల బావగారు ఉన్నారు. అయితే బయట ఆడమనిషి గొంతు విన్నారు. చొక్కా, టై, మేజోళ్ళు తప్ప ఏమీ లేని సూపరింటెండెంటు "ఉన్నాను" అని ఎలా అంటారు? పైగా, తను ఇక్కడున్న సంగతి బావమరిదికి తెలుసు గదా, మేడమ్ కోసం ఊరికే కేకలేస్తున్నాడు గాని మూస్తాడా ఏమిటి అని ధీమాగా కూర్చున్నారు.

బావమరిది మూశాడు. ఆ రోజు మూసినంత అందంగా జన్మలో మూయలేదు. ఒక్క ఊపులో తలుపు వెళ్ళి చట్రానికి అతుక్కుంది. గొళ్ళెం, చీల, తీగ, బిళ్ళ, పటకారు. మేడమ్ ఇద్దరు హమాలీలకు గునపం ఇచ్చి, సీలు జోలికి పోకుండా తలుపును పెకలించి చూడమంది. గునపం వంగింది. చివరికి గొళ్ళెం కాగితం ముక్క తీసి అన్ని అంచుల్లోనూ దూర్చబోయాడు. ఎక్కడా దూరలేదు.

"అద్భుతం! మీకు శిక్షకుడి పోస్టు ఖాయం. సూపరింటెండెంటు ఒక్క మాట చెప్పి సంతకం పెడితే చాలు. పిలుచుకురండి" అంది మేడమ్.

గొళ్ళెం గాల్లో తేలుతూ గడియారం ఎదుటి వ్యాగన్‌లోకి తొంగి చూశాడు. అందులో బేళ్ళున్నాయి, బావగారు లేరు. ఇంజను వైపు చూశాడు. పొద్దున అక్కడ ఇంజను లేదు. అప్పుడు అతనికి విషయం మెల్లగా బోధపడింది. మెల్లగా అయినా పూర్తిగా బోధపడింది. సీలు పడ్డ తలుపు వైపు ఒకసారి, మేడమ్ వైపు ఒకసారి చూశాడు.

"ఏమైంది?" అంది మేడమ్.

"సూపరింటెండెంటుగారికి ఒంట్లో బాగాలేదు మేడమ్."

"అయ్యో, ఏమిటి?"

"కడుపు" అన్నాడు, నోటికి ముందుగా వచ్చిన అవయవం అదే కాబట్టి.

సరిగ్గా అప్పుడే అతని అక్క చేతి మీద ఇస్త్రీ ప్యాంటు వేసుకుని రొప్పుతూ వచ్చింది. "ఏరా, మీ బావగారేరీ? ప్యాంటు తెమ్మన్నారు. అర్జెంటన్నారు!"

"నాదే మేడమ్ ఆ ప్యాంటు" అన్నాడు గొళ్ళెం.

"నీదేమిట్రా? మతి పోయిందా? మీ బావ నడుమెక్కడ, నీ నడుమెక్కడ? ఇందులో నువ్వూ మీ ఆవిడా దూరి, ఇంకో చుట్టాన్ని కూడా కూర్చోబెట్టుకోవచ్చు!"

మేడమ్ ప్యాంటు వంక చూసింది. కడుపు సంగతి గుర్తు తెచ్చుకుంది. రెండూ కలిపి ఒక అభిప్రాయానికి వచ్చి, రెండడుగులు వెనక్కి వేసి, "పాపం, అంతవరకూ వచ్చిందా!" అంటూ ఫోను తీసి వైద్యశాలకు కబురు పెట్టింది. కంపౌండరూ, అతని వెనక స్ట్రెచర్ మోసేవాళ్ళూ పరుగు మీద వచ్చేశారు. "పేషెంటెక్కడ?" అన్నాడు కంపౌండరు. ఎవరూ పలకలేదు. వ్యాగన్ పలికింది. దబ్, దబ్, దబ్.

"అదేం చప్పుడు?" అంది మేడమ్.

"దూది బేళ్ళు మేడమ్. సర్దుకుంటున్నాయి."

"దూది అంత చప్పుడు చేస్తుందా?"

"కొత్త దూది మేడమ్."

"ఒరేయ్ బావమరిదీ! నిన్ను చంపేస్తాన్రా!" అంది లోపలి దూది.

మేడమ్ గొళ్ళెం వైపు తిరిగి, చాలా మర్యాదగా, "దూది బేలుకు మీరు బావమరిది అవుతారా?" అని అడిగింది.

ఇక దాచి లాభం లేదు. గొళ్ళెం రంగు దగ్గర మొదలుపెట్టి కిరసనాయిలు దాకా అంతా ఏకబిగిన చెప్పేశాడు. కుర్చీ కళ్ళముందే ఎగిరిపోతూ ఉంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అక్క ఏడవలేదు. మడత ప్యాంటుతోనే తమ్ముణ్ణి వీపు మీద నాలుగు బాది, "తియ్యరా తలుపు!" అని అరిచింది.

"తీయకూడదమ్మా" అంది మేడమ్. "సీలు పడ్డాక, సూపరింటెండెంటు సంతకం చేసిన కాగితం లేనిదే ఎవరూ తెంపకూడదు. అధికారులతో సహా. ఉత్తర్వు నేనే రాశాను." ఆగి, కాస్త దిగులుగా, "ఆ 'సహా' అన్నది కూడా నేనే పట్టుబట్టి కలిపాను" అంది.

"మరి ఆయన లోపలే ఉన్నారు గదా! సంతకం పెట్టించుకోండి!" అంది అక్క.

అందరికీ ఆ ఆలోచన నచ్చింది. కాగితం రాశారు. లోపలికి పంపాలి. అందరూ గొళ్ళెం వైపు చూశారు. గొళ్ళెం నేల వైపు చూశాడు. కాగితం పై అంచున దూర్చారు, దూరలేదు. పక్కన దూర్చారు, ముడతలు పడింది. కంపౌండరు థర్మామీటరుతో సందు వెతికాడు. అక్క జడపిన్ను విరగ్గొట్టుకుంది. చివరికి మేడమ్ సంచీ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, కింది అంచున కాగితాన్ని ఓపిగ్గా తోస్తూ, "ఇంత గట్టిగా ఎందుకు మూశారయ్యా?" అంది.

"మీరే కదా మేడమ్ అద్భుతమన్నారు!"

"తెరవకండి!" అని లోపలి నుంచి బావగారు గోల పెట్టారు. "మేడమ్ వెళ్ళేదాకా తెరవకండి! నేనేం సంతకం పెట్టను!"

"పెట్టకపోతే ఎక్కడికి పోతావో తెలుసా? బండితో పాటు పోతావు!" అని అక్క తలుపు మీద దబదబా బాదింది. మొగుణ్ణి 'నువ్వు' అనడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. ఆ మాట విని ఇంజను కూత పెట్టింది.

బండి వేళైంది. డ్రైవరును ఆపమని హమాలీలు కేకలేశారు. సూపరింటెండెంటు ఎర్ర జెండా ఊపితేనే ఆపుతానని అతను తల బయటపెట్టి మరీ చెప్పాడు. మేడమ్ స్ట్రెచర్ మీది ఎర్ర దుప్పటి లాక్కుని ఊపుతూ ఇంజను వైపు పరుగెత్తింది. వెనకాలే కంపౌండరు, "అమ్మా, దుప్పటి స్టాకులో చూపించాలమ్మా!" అంటూ పరుగెత్తాడు. ఇంజను ఒక్క గుంజు గుంజి, దుప్పటి చూసి, ఠక్కున ఆగింది.

ఆ కుదుపుకు వ్యాగన్ అవతలి వైపు గడగడమని ఏదో దొర్లింది. తరవాత ఒక కేక. తరవాత వందమంది ఒక్కసారి చేసిన గోల. అందరూ వంగి వ్యాగన్ కిందనుంచి అవతలికి చూశారు. పట్టాల పక్కన రెండు బోడికాళ్ళు, వాటికి నల్ల మేజోళ్ళు. వాటి వెనక, పక్క లైను మీద సిగ్నలు కోసం ఆగిన ప్యాసింజరు బండి. కిటికీకి నలుగురు చొప్పున చప్పట్లు కొడుతున్నారు.

వ్యాగన్‌కు రెండు వైపులా తలుపులుంటాయి. ఈ వైపు తలుపు కాగితాన్ని కూడా రానివ్వలేదు. ఆ వైపు తలుపు సూపరింటెండెంటునే దింపేసింది.

బావగారిని దుప్పటిలో చుట్టి ఇటు తీసుకొచ్చారు. కంపౌండరు, వచ్చిన పని వచ్చినట్టు, ఆయన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టేశాడు. మేడమ్ అవతలికి వెళ్ళి చూసి వచ్చింది. ముఖం గంభీరంగా ఉంది. "సీలు సీలులాగే ఉంది, తీగ తీగలాగే ఉంది. చీల మాత్రం లేదు. బండి కదలగానే తలుపు దొర్లిపోయింది. దారిలో అయితే సరుకంతా పట్టాల పాలయ్యేది. ఆ తలుపు మూసిందెవరు?"

తను మూసిన తలుపు అలా దొర్లదని గొళ్ళేనికి తెలుసు. షెడ్డులో ఆ పటకారు ముట్టుకోగల రెండో మనిషి ఎవరో కూడా తెలుసు. చెబితే కుర్చీ దక్కుతుంది. అక్క వైపు చూశాడు. అక్క ప్యాంటును రెండు చేతులా గుండెకు హత్తుకుని ఉంది. చిన్నప్పుడు తనకు అన్నం కలిపి పెట్టిన చేతులవి.

"నేనే మేడమ్" అన్నాడు.

స్ట్రెచర్ మీద బావగారు ఒక్క ఉదుటున లేచి కూర్చున్నారు. చీల సంగతి ఆయన చెవికెక్కలేదు. తను చేసిన పనిని బావమరిది తనదని చెప్పుకోవడం మాత్రం బాగా ఎక్కింది.

"అబద్ధం మేడమ్! వీడికంత పనితనమెక్కడిది? ఆ తలుపు నేనే స్వయంగా మూశాను! పొద్దున వీడు రాకముందే వచ్చి, మచ్చుకు ఒకటి మూసి చూపిద్దామని... గొళ్ళెం వేశాను, తీగ చుట్టాను, సీలు నొక్కాను, ఇదిగో, చీల కూడా..." అంటూ చొక్కా జేబు తడుముకుని, చీల తీసి అందరికీ చూపించారు.

ప్యాసింజరు బండికి సిగ్నలు పడి, అది చప్పట్లతో సహా వెళ్ళిపోయింది.

మేడమ్ గొళ్ళేనికి శిక్షకుడి పోస్టు అక్కడికక్కడే రాసిచ్చింది. సూపరింటెండెంటు సిఫారసు అక్కర్లేదా మేడమ్ అని అతను భయంగా అడిగితే, "చేశారు కదా, చీలతో సహా" అంది. తరగతి మర్నాడే మొదలైంది. కుర్చీ వచ్చింది, దాని ఎదురుగా ఒక్కటే బల్ల, దాని మీద బావగారు. ఆయన లేచి వ్యాగన్ తలుపు తోస్తున్నంతసేపూ గొళ్ళెం "ఇంకాస్త, ఇంకాస్త" అన్నాడు.

అక్క ఇప్పుడు తమ్ముణ్ణి "మాస్టారూ" అని పిలుస్తోంది. మొగుణ్ణి మాత్రం ఇంకా ఏమనీ పిలవడం లేదు.